ప్రమాణం చేసిన మనిషి సాయంత్రానికి ఎందుకు ఆగలేకపోతున్నాడు? – వర్కింగ్ మెమరీ, వ్యసనం మీద చర్చ

తిరుచానూరు అక్క (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. మా తమ్ముడి విషయంలో సలహా కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. వాడికి ఇరవై ఎనిమిదేళ్లు. తిరుపతిలో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తాడు. కొన్నేళ్లుగా సాయంత్రమైతే తాగకుండా ఉండలేకపోతున్నాడు. తాగినప్పుడల్లా సెల్‌ఫోన్‌లో డబ్బు పెట్టి రమ్మీ కూడా ఆడేవాడు. పోయిన ఏడాది ఎవరూ బలవంతం చేయకుండానే తనంతట తాను కాణిపాకం వెళ్లి, వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేసి వచ్చాడు. కొన్ని వారాలు నిలబడ్డాడు. తర్వాత మళ్లీ మొదటికొచ్చింది.

నన్ను కలవరపెడుతున్నది వాడి అజ్ఞానం కాదు. ఉదయం పూట కూర్చోబెట్టి మాట్లాడితే అప్పు ఎంతుందో, వడ్డీ ఎంత పెరుగుతోందో, అమ్మ మందులకు నెలకు ఎంత కావాలో మా అందరికంటే స్పష్టంగా చెబుతాడు. అదే మనిషి దుకాణం కట్టేసే వేళకు ఆ మాటలు ఎన్నడూ విననివాడిలా ప్రవర్తిస్తాడు. మర్నాడు అడిగితే "ఆ సమయానికి అవేవీ గుర్తుకు రాలేదక్కా" అంటాడు. ఇంట్లో అందరూ అది సాకేనంటున్నారు. నాకు మాత్రం వాడు అబద్ధం చెబుతున్నట్టు అనిపించడం లేదు.

ఈమధ్య ఒక ప్రకటన చూశాను. జ్ఞాపకశక్తిని పెంచే ఆటలు రోజూ ఫోన్‌లో ఆడితే మెదడు బలపడి వ్యసనాలు వాటంతట అవే తగ్గిపోతాయట. ఏడాదికి చందా కట్టాలి. కట్టవచ్చా, లేదా అని తెలిసినవారు చెప్పగలరు.

పలమనేరు మాస్టారు

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చదువు చెప్పి రిటైరైనవాడిని. నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటే మన్నించు. గుర్తుకు రాలేదనే మాటను నేను ఒప్పుకోలేను. మా వీధిలోనే రోజూ తాగే మనుషులున్నారు. వాళ్లే కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నారంటే 41 రోజులు చుక్క ముట్టరు. బ్రాందీ షాపు ముందు నుంచి నడిచి వెళ్తారు కానీ తల తిప్పి చూడరు. జ్ఞాపకశక్తి లోపమే కారణమైతే ఆ మండల దీక్ష రోజుల్లో వాళ్లకు ఆ శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? మనసు గట్టిగా ఉంటే ఆగగలరు, లేకుంటే ఆగలేరు. ఇప్పుడు ప్రతి బలహీనతకూ మెదడులో ఒక కారణం చూపించి మనిషిని బాధ్యత నుంచి తప్పించడం అలవాటైపోయింది.

ఎస్వీయూ సైకాలజీ

మాస్టారూ, మీరు ఎత్తిన దీక్ష ఉదాహరణ ఈ చర్చకు చాలా అవసరమైనది. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు అక్కగారు అడిగిన విషయం కొంచెం వివరంగా చెప్పనివ్వండి. నేను శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను.

మీ తమ్ముడు అప్పు లెక్కలు మరిచిపోలేదు. అవి అతని దీర్ఘకాల స్మృతిలో భద్రంగా ఉన్నాయి. వర్కింగ్ మెమరీ అనేది వేరు. ఏదైనా పని చేస్తున్న క్షణంలో కావలసిన సంగతులను మనసు ముందు నిలిపి ఉంచి, వాటిని కలిపి, పోల్చి, అక్కరలేనివాటిని పక్కకు నెట్టే సామర్థ్యం అది. 1974లో అలన్ బాడ్‌లీ, గ్రాహమ్ హిచ్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఒక నమూనా ప్రతిపాదించారు. అందులో మాటలను నిలిపే భాగం ఒకటి, దృశ్యాలను నిలిపే భాగం ఒకటి, ఈ రెండింటి మీద దృష్టిని నడిపించే కేంద్రం ఒకటి ఉంటాయి. ఈ వ్యవస్థకు చోటు బహు తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ ఒకేసారి సుమారు ఏడు అంశాలు పడతాయన్నారు. 2001లో నెల్సన్ కోవాన్ ఆ సంఖ్య నిజానికి నాలుగు దగ్గరే ఉంటుందని వాదించారు. మీ తమ్ముడు పనిచేసే దుకాణంలో గోదాము ఎంత పెద్దదైనా, తూకం బల్ల మీద ఒకసారికి పట్టే సరుకు కొంచెమే కదా. గోదాములో ఉన్నంత మాత్రాన సరుకు బల్ల మీదికి వచ్చినట్టు కాదు.

ఇక తపన సంగతి. తాగాలనే కోరిక కేవలం ఒంట్లో పుట్టే దాహం కాదు. 2005లో కవానా, ఆండ్రేడ్, మే అనే ముగ్గురు దీని మీద ఒక సిద్ధాంతం ప్రకటించారు. పరిచయమైన వీధి, ఒక స్నేహితుడి ఫోను, సాయంత్రపు అలసట వంటివి కోరికను తట్టి లేపుతాయి. ఆ వెంటనే మనిషి ఆ కోరికకు రంగు, రుచి, వాసన, పక్కన కూర్చునే మనుషుల మాటలు అన్నీ జోడించి మనసులో బొమ్మ కట్టుకుంటాడు. ఆ బొమ్మ కట్టేది వర్కింగ్ మెమరీలోనే. అంటే అప్పు, అమ్మ మందులు, కాణిపాకం ప్రమాణం నిలబడవలసిన ఆ కొద్దిపాటి చోటును తపన ముందే ఆక్రమించేస్తుంది. అందువల్ల "ఆ సమయానికి గుర్తుకు రాలేదు" అన్న మాట చాలావరకు నిజమే కావచ్చునని నా నమ్మకం. పైగా మొదటి గ్లాసు పడిన తర్వాత మద్యమే ఆ సామర్థ్యాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఒక్క క్వార్టర్‌తో ఆపుతానని కూర్చున్నవాడు ఆ లెక్కను మనసులో నిలుపుకోలేకపోవడానికి అదొక కారణం.

మనసు నిండుగా ఉన్నప్పుడు నిర్ణయాలు ఎలా మారతాయో ప్రయోగాలలోనూ చూశారు. 1999లో షివ్, ఫెడోరిఖిన్ అనే ఇద్దరు కొందరికి ఏడంకెల సంఖ్యను, మరికొందరికి రెండంకెల సంఖ్యను గుర్తుపెట్టుకోమని చెప్పి, చాక్లెట్ కేకు, పండ్ల ముక్కల మధ్య ఎంచుకోమన్నారు. పెద్ద సంఖ్యను మోస్తున్నవారిలో కేకు తీసుకున్నవాళ్లు ఎక్కువ. 2003లో హిన్సన్, ఆయన సహచరులు డబ్బు విషయంలో ఇలాంటిదే చేశారు. మనసు మీద భారం ఉన్నవారు ఆలస్యంగా వచ్చే పెద్ద మొత్తాన్ని కాదని, వెంటనే వచ్చే చిన్న మొత్తం వైపు మొగ్గారని ప్రకటించారు. దీని మీద 2006లో వేరే పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. భారం వల్ల మనుషులు దుడుకుగా మారలేదనీ, వాళ్ల ఎంపికలు నిలకడ తప్పి అటూ ఇటూ ఊగాయనీ వారి వాదన. ఆ తగవు ఎలా తీరినా, రోజంతా లెక్కలు చూసి అలసిన మనిషిని సరిగ్గా ఆ వేళకే నిర్ణయం తీసుకోమనడం అతని మీద పెద్ద బరువు పెట్టడమే.

పలమనేరు మాస్టారు

వివరంగా చెప్పారు, బాబూ. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. మాలలో ఉన్నప్పుడు ఆ చోటును తపన ఎందుకు ఆక్రమించలేదు?

ఎస్వీయూ సైకాలజీ

దీక్షలో ఉన్న మనిషి జీవితాన్ని ఉదయం నుంచి రాత్రి దాకా గమనించండి, మాస్టారూ. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, పీఠం దగ్గర పూజ, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం భజన, రాత్రి నేల మీద పడక. ఒంటి మీద నల్లని బట్టలు, మెడలో మాల. వీధిలో ఎదురైన చిన్నపిల్లవాడు కూడా "స్వామీ" అని పిలుస్తాడు. తాగే స్నేహితులు ఆ రోజుల్లో తమంతట తామే దూరంగా ఉంటారు. ఒకవేళ బ్రాందీ షాపు ముందు నిలబడినా ఆ దుస్తుల్లో ఉన్నవాడికి సీసా చేతికివ్వడానికి అమ్మేవాడే జంకుతాడు. సాయంత్రం ఆరు గంటలకు ఏం చేయాలన్న ప్రశ్న అతనికి పుట్టనే పుట్టదు, ఎందుకంటే దానికి జవాబు మాల వేసుకున్న రోజే నిర్ణయమైపోయింది. తన సంకల్పాన్ని అతను మనసులో మోయనక్కరలేదు. బట్టలు, గురుస్వామి, తోటి స్వాములు, వేళలు దాన్ని మోస్తున్నాయి.

కాణిపాకం ప్రమాణం సంగతి వేరు. దాని పవిత్రతను నేను తక్కువ చేయడం లేదు, సత్య ప్రమాణాల దేవుడని ఆ స్వామిని మా ఇంట్లోనూ కొలుస్తాం. అయితే ప్రమాణం చేసి బస్సెక్కి వచ్చిన మనిషి మర్నాడు అదే దుకాణానికి, అదే దారిలో, అదే జేబులో డబ్బుతో, అదే ఫోనుతో వెళ్తాడు. అతనిలో మారినది మనసులోని మాట ఒక్కటే. తపన వచ్చి పడేది కూడా ఆ మనసు మీదే. మాల తీసిన వారానికే మళ్లీ తాగడం మొదలుపెట్టిన వాళ్లను మీ వీధిలో మీరూ చూసే ఉంటారు. మనిషి అతడే, భక్తి అదే, చుట్టూ ఉన్న కట్టుదిట్టం మాత్రం పోయింది.

మీరు బాధ్యత గురించి అడిగారు. బాధ్యత లేదని నేను అనను. అది సాయంత్రం ఏడింటికి కాకుండా ఉదయం ఏడింటికి మొదలవుతుందని అంటాను. మనసు తేటగా ఉన్న వేళ, ఆ సాయంత్రం తాను నిర్ణయం తీసుకోవలసిన అవసరమే రాకుండా ఏర్పాటు చేసుకోవడం అతని బాధ్యత.

పలమనేరు మాస్టారు

ఈ తేడాను నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు. మాల తీసిన తర్వాత జరిగేదాని గురించి మీరు చెప్పినది మా వీధికి అక్షరాలా వర్తిస్తుంది. సంకల్పబలం అనేది ఒకటి ఉంటుందని మాత్రం నేను ఇప్పటికీ నమ్ముతాను.

చంద్రగిరి వాసి

అక్కా, ఇంత శాస్త్రం అవసరం లేదు. మా బంధువుల ఇంట్లో ఒక పొడి తెప్పించి, ఆయనకు తెలియకుండా సాంబారులో కలిపి పెట్టారు. తాగిన ప్రతిసారీ వాంతులై భయపడి మానుకున్నారు. చిరునామా కావాలంటే పంపుతాను.

చిత్తూరు స్టాఫ్ నర్సు

దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. తాగితే వాంతులు తెప్పించే పొడులలో తరచుగా ఉండేది డైసల్ఫిరామ్ అనే మందు. అది శరీరంలో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మందు ఇవ్వాలంటే రోగికి తెలిసి, అతను ఒప్పుకొని, గుండె, కాలేయ పరీక్షలు చేసిన తర్వాత డాక్టరే ఇవ్వాలి. తెలియకుండా పెట్టడం వైద్యం కాదు.

వ్యసన చికిత్స వార్డులో పనిచేసిన అనుభవంతో మరికొన్ని సంగతులు చెబుతాను. ప్రతిరోజూ ఎక్కువ మోతాదులో తాగే మనిషి ప్రమాణం చేశాననో, దీక్ష తీసుకున్నాననో ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టలేకపోవడం వంటి ప్రమాదకరమైన స్థితి రావచ్చు. అది దేవుడి ఆగ్రహమని ఇంట్లో దాచిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. అక్కా, మీ తమ్ముడికి ఉదయం పూట చేతులు వణుకుతున్నాయా, లేవగానే తాగాలనిపిస్తోందా అన్నది ముందు కనుక్కోండి. అలా ఉంటే డాక్టరును చూడకుండా మాన్పించే ప్రయత్నం చేయవద్దు.

పైన సైకాలజీ సార్ చెప్పినదానికి మా వార్డులో రోజూ కనిపించే రుజువు ఒకటుంది. చేరిన మొదటి వారాల్లో రోగులకు మేము ఎంత ఓపికగా చెప్పినా ఆ మాటలు నిలవవు. ఒక వాక్యం వింటూ ముందు వాక్యాన్ని జారవిడుస్తారు. కుటుంబసభ్యులు దాన్ని నిర్లక్ష్యం అనుకొని కోప్పడతారు. ఏళ్ల తరబడి మద్యం తాగడం వల్ల దృష్టి నిలపడం, ప్రణాళిక వేయడం వంటి శక్తులు దెబ్బతింటాయి. సరైన తిండి లేక థయామిన్ అనే విటమిన్ తగ్గిపోతే మెదడుకు శాశ్వతమైన నష్టం కూడా జరగవచ్చు. అందుకే చేరగానే ఆ విటమిన్ ఇస్తారు. సంతోషించవలసిన విషయం ఏమిటంటే, మానేసిన తర్వాత వారాలు, నెలలు గడిచేకొద్దీ చాలామందిలో ఈ శక్తులు చాలావరకు తిరిగి వస్తాయి. కాబట్టి మొదటి నెలలో పెద్ద పెద్ద ఉపదేశాలు పెట్టుకోకండి. ఒకసారికి ఒకే మాట చెప్పండి, దాన్ని కాగితం మీద రాసి ఇవ్వండి.

బైరాగిపట్టెడ

నేనూ కొంతకాలం ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకున్నవాడినే కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ఒక్క ముక్క వచ్చి ఉంటే గెలిచేవాణ్ని అన్న ఆట, పూర్తిగా ఓడిపోయిన ఆట కంటే ఎక్కువగా మనసును పట్టుకుంటుంది. ఆ చేతిలోని ముక్కలే కళ్లముందు తిరుగుతుంటాయి, అప్పు అసలు కనిపించదు. ఆ స్థితిలో "బుద్ధిగా ఆలోచించుకో" అని ఎవరు చెప్పినా నా చెవికి ఎక్కలేదు.

నాకు పనికొచ్చినది ఫోను విషయంలో చేసిన మార్పు. జీతం పడే ఖాతాను అమ్మ ఫోనుకు మార్చాము. నా ఫోనులో యూపీఐ లేకుండా చేసి, ఖర్చులకు చేతికి డబ్బు తీసుకునేవాణ్ని. ఆట తెరవాలన్నా డబ్బు వేయాలన్నా ఎవరినో అడగాలి. ఆ అడగవలసిన కాస్త వ్యవధిలోనే నాకు మిగతా సంగతులు గుర్తుకు వచ్చేవి. చట్టం కూడా ఇప్పుడు మన పక్షాన ఉంది. 2020లోనే మన రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఇంకా ఎవరైనా లింకులు పంపి ఆడమంటున్నారంటే అది మోసమని కూడా మీ తమ్ముడికి చెప్పండి.

నాదొక ప్రశ్న. తపన వచ్చినప్పుడు ఫోనులో దిమ్మలు పేర్చే ఆట ఆడితే అది తగ్గుతుందని ఎక్కడో చదివాను. అది నిజమేనా? అలాగైతే అక్క అడిగిన జ్ఞాపకశక్తి ఆటలు కూడా పనిచేయాలి కదా?

ఎస్వీయూ సైకాలజీ

రెండూ ఒకటి కావు. మంచి ప్రశ్న అడిగారు కనుక విడమరిచి చెబుతాను.

దిమ్మలు పేర్చే ఆట టెట్రిస్ మీద 2014లో ప్రయోగం జరిగింది. కొన్ని నిమిషాలు ఆడినవారిలో ఆ క్షణపు కోరిక తీవ్రత తగ్గింది. కారణం పైన చెప్పిన సిద్ధాంతంలోనే ఉంది. ఆకారాలను కళ్లతో తిప్పి చూసుకోవలసిన పని వర్కింగ్ మెమరీలోని దృశ్యభాగాన్ని నింపుతుంది కాబట్టి తపన కట్టుకుంటున్న బొమ్మ చెదురుతుంది. ఇది ఆ పూటకు పనికొచ్చే ఉపాయమే కానీ మెదడును బలపరిచేది కాదు. ఆటే కావాలని లేదు. వాకిట్లో కష్టమైన చుక్కల ముగ్గు వేయడం, చెడిపోయిన వస్తువును విప్పి బిగించడం వంటి, కంటికీ చేతికీ పని పెట్టేది ఏదైనా అదే చోటును ఆక్రమిస్తుందని ఆ సిద్ధాంతాన్ని బట్టి అనుకోవచ్చు. ఫోనే వ్యసనంలో భాగమైన మనిషికి ఫోనులో ఆట ఇవ్వకపోవడమే నయమని నా అభిప్రాయం.

యాప్‌ల వాగ్దానం దీనికి పూర్తిగా వేరు. వర్కింగ్ మెమరీనే సాధనతో పెంచి వ్యసనాన్ని తగ్గించవచ్చన్న ఆశ 2011లో బలంగా పుట్టింది. ఆ ఏడాది వారెన్ బికెల్ బృందం ఉత్తేజక మాదకద్రవ్యాలకు బానిసలైన 27 మందిని తీసుకొని, వారిలో కొందరితో సాధన చేయించి, భవిష్యత్తులోని లాభాన్ని చులకన చేసే ధోరణి ఆ సాధన చేసినవారిలో తగ్గిందని చూపింది. అదే ఏడాది కాట్రైన్ హౌబెన్ బృందం ఎక్కువగా తాగేవారిలో సాధన తర్వాత తాగడం కొంత తగ్గిందని చెప్పింది. నేను చదువుకునే రోజుల్లో ఈ రెండు పత్రాలూ నన్ను ఎంతో ఉత్సాహపరిచాయి. కానీ ఆ తర్వాత చికిత్సలో ఉన్న రోగులపై జాగ్రత్తగా చేసిన పరీక్షలో వ్యసనం మీద అలాంటి ప్రభావం కనిపించలేదు. మెల్బీ-లర్వాగ్, హ్యూమ్ అనే పరిశోధకులు 2013లో అప్పటివరకు జరిగిన సాధన అధ్యయనాలన్నింటినీ కలిపి చూసి, అభ్యాసం చేసిన ఆట వంటి పనుల్లో కొంత మెరుగు వస్తుంది కానీ అది జీవితంలోని ఇతర సామర్థ్యాలకు పాకదని తేల్చారు. అక్కగారూ, ఆ చందా డబ్బు కట్టవద్దు.

ఆధారం ఉన్నవి రెండు చెబుతాను. పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించిన పద్ధతి ఒకటి. "తాగను" అని కాకుండా "షట్టరు దించగానే బావకు ఫోన్ చేసి ఆయన బండి ఎక్కుతాను" అన్నట్టు ఫలానా సందర్భానికి ఫలానా పని అని ముందే ముడివేసుకోవడం. అప్పుడు సందర్భమే ఆ పనిని గుర్తుచేస్తుంది, మనసు వెతుక్కోనక్కరలేదు. రెండవది, భవిష్యత్తును కళ్లకు కట్టినట్టు ఊహించుకోవడం. ముందు జరగబోయే నిర్దిష్టమైన సంఘటనను తలచుకున్నవారు దూరపు లాభానికి ఎక్కువ విలువ ఇచ్చారని 2010లో పీటర్స్, బ్యూషెల్ చూపారు. "బాగుపడతావు" అన్న మాటకు బొమ్మ ఉండదు. వచ్చే తిరుచానూరు బ్రహ్మోత్సవాల్లో పంచమితీర్థం రోజు అమ్మను వెంటబెట్టుకొని వెళ్లడానికి బొమ్మ ఉంటుంది.

తిరుచానూరు అక్క

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న ఉదయం వాడితో మాట్లాడాను. ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. చేతులు వణకడం లేదని, ఉదయం తాగాలనిపించడం లేదని చెప్పాడు. అయినా రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. దీక్ష గురించి రాసినది విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను మాల వేసుకున్న ఏడాది నాకు కష్టంగానే అనిపించలేదక్కా, నేను చెడ్డవాణ్నని ప్రమాణం తప్పాక అనుకున్నాను" అన్నాడు.

మేము అనుకున్న ఏర్పాట్లు ఇవి. లెక్కలు కట్టే పని వీలైనంత మధ్యాహ్నానికి మార్చమని యజమానిని అడుగుతాడు. దుకాణం మూసే వేళకు మా ఆయన బండి మీద వెళ్లి తీసుకొస్తారు, దారి కూడా మార్చుకుంటారు. జీతం అమ్మ ఖాతాకు వెళ్తుంది. నాకు మిగిలిన భయం ఒక్కటే. ఇవన్నీ చేసినా ఒకరోజు వాడు తాగి వస్తే మేము ఏం చేయాలి? పోయినసారి ప్రమాణం తప్పిన మొదటి రోజు వాడు తాగింది కొంచెమే. ఆ మర్నాటి నుంచే మునుపటికంటే ఎక్కువ తాగాడు.

చిత్తూరు స్టాఫ్ నర్సు

ఆ మర్నాడు జరిగినదానికి మా రంగంలో 'అబ్‌స్టినెన్స్ వయొలేషన్ ఎఫెక్ట్' అని పేరుంది. అలన్ మార్లట్, జుడిత్ గోర్డన్ 1985లోనే దాన్ని వివరించారు. పూర్తిగా మానాలని నిశ్చయించుకున్న మనిషి ఒక్కసారి తప్పితే, "ఎలాగూ మాట తప్పాను, ఇక నేనింతే" అన్న అపరాధభావమే అతన్ని మళ్లీ తాగిస్తుంది. దేవుడి ముందు చేసిన ప్రమాణం తప్పినప్పుడు ఆ భావం ఎంత బరువుగా ఉంటుందో నేను వార్డులో చూశాను. ఆ అపరాధభావం కూడా మనసులో చోటు ఆక్రమించేదే. అందులో మునిగిన మనిషికి తర్వాతి అడుగు కనిపించదు.

కాబట్టి తాగి వచ్చిన రాత్రి ఏమీ మాట్లాడకండి, అన్నం పెట్టి పడుకోనివ్వండి. మర్నాడు ఉదయం, ముందు రోజు ఏ ఏర్పాటు తప్పిందో ఇద్దరూ కలిసి చూడండి. బావగారు రాలేకపోయారా, పాత స్నేహితుడు దుకాణానికే వచ్చాడా, నిద్ర చాలలేదా, మధ్యాహ్నం తిండి మానేశాడా అని అడిగి, ఆ ఒక్కదాన్నే సరిచేయండి. ప్రమాణాన్ని గుర్తుచేసి నిందించవద్దు. ఇప్పుడే అతనితో కలిసి కూర్చొని, తప్పిన రోజు ఎవరికి ఫోన్ చేయాలో ఒక చీటీ మీద అతని చేతనే రాయించండి. మాటలతో కాదు, రాసి జేబులో పెట్టించండి. ఇంట్లోవాళ్లతో చెప్పుకోవడానికి సిగ్గుపడే వేళ ఉంటుంది కనుక అందులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా ఉండాలి. దానికి డబ్బు కట్టనక్కరలేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు. మత్తుపదార్థాల వ్యసనానికే ప్రత్యేకంగా ఉన్న జాతీయ నంబరు 14446. రుయాలో చూపించేటప్పుడు తాగాలనే తపనను తగ్గించే మందుల గురించి కూడా డాక్టరును అడగండి. నాల్ట్రెక్సోన్ వంటివి కొందరికి బాగా ఉపయోగపడతాయి, కాలేయ పరీక్ష చూసి ఆయనే నిర్ణయిస్తారు. మీరు వెళ్లేటప్పుడు అతను ఇప్పటికే వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకొని వెళ్లండి.

పలమనేరు మాస్టారు

అమ్మా, నీ తమ్ముడికి అభ్యంతరం లేకపోతే ఆ చీటీలో నా నంబరు కూడా రాసుకోమను, విడిగా పంపుతాను. సాయంత్రాలు నాకు వేరే పనేమీ ఉండదు.